హిబా చేయాలా, వసియత్ రాయాలా, వాటాలకే వదిలేయాలా: ముస్లిం ఇళ్లలో ఆస్తి పంపకం

ఆస్తి ఉన్న ప్రతి ముస్లిం ఇంట్లో ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వస్తుంది, ఇల్లు ఇప్పుడే పిల్లల పేరు మీద రాసేయాలా (హిబా, అంటే బతికుండగా ఇచ్చే కానుక), వీలునామా (వసియత్) రాసి బీరువాలో పెట్టాలా, లేక ఏమీ చేయకుండా ఉంటే షరియత్ ప్రకారం వాటాలు వాటంతట అవే పడతాయా అని. మూడూ చెల్లే దారులే కానీ ఒక్కోటి ఒక్కో రకం కుటుంబానికి పనికొస్తుంది, పక్కింటోళ్లు ఏదో చేశారని మనమూ అదే చేస్తే తర్వాత కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుంది. నేను గట్టిగా చెప్పేది ఒకటే: భార్యకో కొడుక్కో కూతురికో ఇవ్వాలనుకుంటే వీలునామాని నమ్ముకోవద్దు, వారసుల లిస్టులో లేనివాళ్లకి ఇవ్వాలనుకుంటే వాటాల్ని నమ్ముకోవద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తా. మన దగ్గర ఎక్కువమంది సున్నీ హనఫీలే (సున్నీల్లో ఒక న్యాయ సంప్రదాయం వాళ్లు) కాబట్టి లెక్కలన్నీ హనఫీ ప్రకారం, షియాల తేడా చివర్లో కొంచెం చెప్తా.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. "ఇది మా తాత సంపాదించిన ఆస్తి, ఇందులో నాకు పుట్టుకతోనే హక్కుంది" అని మనవాళ్లు కూడా అంటుంటారు, అది హిందూ ఉమ్మడి కుటుంబం మాట, మనది కాదు. ఎన్టీఆర్ హయాంలో ఆడపిల్లలకి వాటా ఇచ్చిన సవరణ గానీ 2005లో కేంద్రం తెచ్చిన సవరణ గానీ హిందూ వారసత్వానివి, మనకి వర్తించేది 1937 షరియత్ చట్టం. అందులో పిత్రార్జితం, స్వార్జితం అనే తేడానే లేదు. మనిషి బతికున్నంతకాలం ఆస్తి మొత్తానికి అతనే యజమాని, అమ్ముకోవచ్చు, ఇచ్చుకోవచ్చు, కొడుకు వచ్చి నా భాగం పంచు అని దావా వేయలేడు. కన్ను మూసిన క్షణం నుంచే వారసులకి హక్కు పుడుతుంది, అదీ ఎవరి వాటా వాళ్లకి విడివిడిగా.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది ఆడపిల్లలు తప్పకుండా తెలుసుకోవాలి. తండ్రి బతికుండగానే "నీ పెళ్లికి ఖర్చు పెట్టాం కదా, ఇక వాటా అడగనని సంతకం పెట్టు" అని కాగితం రాయించుకుంటారు చూడండి, ఇంకా పుట్టని హక్కుని వదులుకోవడం చెల్లదు. కాకపోతే దానికి బదులు డబ్బు తీసుకుని ఉంటే కోర్టు తర్వాత మళ్లీ అడగనివ్వకపోవచ్చు, సుప్రీంకోర్టు అలా చెప్పిన తీర్పులున్నాయి, కాబట్టి డబ్బు తీసుకుని సంతకం పెట్టేముందు ఆలోచించాలి. ఉత్త కట్నం, పెళ్లి ఖర్చు పేరు చెప్పి తండ్రి పోయాక కూతురి వాటా కోసే అధికారం మాత్రం ఏ అన్నకీ తమ్ముడికీ లేదు.

ఏమీ చేయకుండా వదిలేస్తే ఏం జరుగుతుంది

మనిషి పోయాక ఆస్తి నేరుగా పంచడానికి లేదు, ఒక వరస ఉంది. ముందు కఫన్ దఫన్ (అంత్యక్రియల) ఖర్చు, తర్వాత అప్పులు, తర్వాత వసియత్ ఉంటే మిగిలిన దాంట్లో మూడో వంతుకి మించకుండా అది, ఆ తర్వాతే వారసుల వాటాలు. అప్పుల దగ్గర మనవాళ్లు దాదాపు అందరూ మర్చిపోయేది మెహర్, అంటే పెళ్లిలో భర్త భార్యకి ఇస్తానని ఒప్పుకునే సొమ్ము. నిఖానామాలో (పెళ్లి ఒప్పంద పత్రంలో) రాసుకుని జీవితాంతం ఇవ్వని మెహర్ ఉంటే అది భర్త మీద అప్పే, బ్యాంక్ లోన్ ఎలాగో అదీ అలాగే, భార్య తన వాటా కాకుండా దాన్ని వేరుగా ముందే తీసుకోవచ్చు. చాలామంది అమ్మలు సిగ్గుపడి అడగరు, పిల్లలే గుర్తుపెట్టుకుని ఇవ్వాలి.

వాటాల మూలం ఖుర్ఆన్ నాలుగో సూరా (అధ్యాయం) అన్నిసాలో ఉంది, 11, 12, 176 ఆయత్‌లు (వాక్యాలు). భార్య, భర్త, తల్లి, తండ్రి, కొడుకు, కూతురు వీళ్లలో బతికున్నవాళ్లు ఎవరూ ఎప్పుడూ పూర్తిగా బయటికి పోరు. పిల్లలుంటే భార్యకి 1/8, లేకపోతే 1/4. భార్య పోతే భర్తకి పిల్లలుంటే 1/4, లేకపోతే సగం. పిల్లలుంటే తల్లికి 1/6, తండ్రికీ 1/6. ఇలా ఫిక్స్‌డ్ వాటాలు ఇచ్చాక మిగిలింది కొడుకులు కూతుళ్లు పంచుకుంటారు, కొడుక్కి రెండు పాళ్లు కూతురికి ఒక పాలు.

ఒక లెక్క చూద్దాం. ఒకాయన ఇల్లు, బ్యాంక్ డబ్బు కలిపి 54 లక్షలు వదిలి పోయాడు, దఫన్ ఖర్చు, ఇవ్వని మెహర్, ఒక చిన్న లోన్ కలిపి 6 లక్షలు పోను 48 లక్షలు మిగిలింది. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. భార్యకి 1/8 అంటే 6 లక్షలు, మిగిలిన 42 లక్షలు ఐదు పాళ్లు చేస్తే పాలు 8 లక్షల 40 వేలు, అది కూతురికి, కొడుకులకి చెరో 16 లక్షల 80 వేలు. ఆయన తల్లి కూడా బతికుంటే ఆమెకి 8 లక్షలు ముందే పోతుంది, అప్పుడు కూతురికి 6 లక్షల 80 వేలు, కొడుకులకి చెరో 13 లక్షల 60 వేలు. ముసలామె బతికుండగా కొడుకు పోతే ఆమెకి వాటా ఉందన్న సంగతే చాలా ఇళ్లల్లో ఎవరికీ గుర్తురాదు, కోడలూ మనవళ్లూ పంచేసుకుంటారు, ఆ తర్వాత ఆమె పోయాక ఆమె మిగతా పిల్లలు వచ్చి అడిగితే గొడవ మొదలవుతుంది.

కొడుకులూ కూతుళ్లూ ఇద్దరూ ఉండి, అందరూ ఒక మాట మీద ఉన్న ఇల్లయితే నా సలహా వదిలేయమనే. ఖర్చు లేదు, అనుమానాలుండవు, నాకు తక్కువ రాశాడన్న మాట రాదు. కానీ మీరు పోయాక చెల్లెళ్ల దగ్గరికి వెళ్లి "అన్నయ్య కదా, సంతకం పెట్టు" అని ఊరికే రాయించుకునే రకం కొడుకులని మీకే అనిపిస్తుంటే మాత్రం వదిలేయకండి, కూతురికి ఏమివ్వాలో మీ చేతుల మీదుగానే హిబా చేసి పోండి.

కూతుళ్లు మాత్రమే ఉన్న ఇల్లు

అసలు చిక్కంతా ఇక్కడే ఎక్కువ. కొడుకు లేకుండా ఒకే కూతురుంటే ఆమెకి సగం, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అందరికీ కలిపి 2/3. మిగిలింది ఎక్కువగా దగ్గరి మగ బంధువుకి వెళ్తుంది. అదే 48 లక్షలు, భార్య, ఇద్దరు కూతుళ్లు, ఒక తమ్ముడు అనుకోండి, భార్యకి 6, కూతుళ్లకి చెరో 16, తమ్ముడికి 10 లక్షలు. ఈ లెక్కకి పాత కథే ఉంది, ఉహుద్ యుద్ధంలో ప్రవక్త సహచరుడు సాద్ బిన్ రబీ చనిపోతే ఆయన తమ్ముడు ఆస్తంతా తీసేసుకున్నాడు, ఆయన భార్య ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని ప్రవక్త దగ్గరికి వచ్చి మొరపెట్టుకుంది, అప్పుడు వచ్చిన ఆయత్ ప్రకారం ఆడపిల్లలకి 2/3, ఆమెకి 1/8, మిగిలింది తమ్ముడికి ఇప్పించారు. ఆ రోజుల్లో ఏమీ రాని ఆడపిల్లలకి మూడింట రెండు వంతులు వచ్చాయి. ఆ మిగిలిన భాగంతో పాటు బాబాయికి అన్న కుటుంబాన్ని చూసుకునే బాధ్యత కూడా ఉంటుందని పెద్దలు చెప్తారు. బాధ్యత చూసే బాబాయిలైతే నాకే అభ్యంతరమూ లేదు, కానీ పదేళ్లుగా మాటల్లేని తమ్ముడు వచ్చి ఆ రెండు గదుల ఇంట్లో భాగం అడిగితే ఆ తల్లీకూతుళ్లు ఎక్కడికి పోవాలి?

ఇలాంటి ఇంట్లో వీలునామా పనికిరాదు, ఎందుకో ఇప్పుడే చెప్తా. హిబా ఒక్కటే సూటి దారి, అదీ ఒంట్లో బాగున్నప్పుడే.

వసియత్: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు

వసియత్‌కి రెండు గీతలున్నాయి. అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు దాటకూడదు. వారసుడికి రాయకూడదు. ఇంకో సహచరుడు సాద్ బిన్ అబీ వఖాస్ తన ఆస్తిలో ఎంత దానం రాయొచ్చని అడిగితే ప్రవక్త మూడో వంతు చాలు, అదే ఎక్కువ అన్నారు, వారసుల్ని ఒకరి ముందు చేయి చాచేలా వదిలే కంటే కలిగినవాళ్లుగా వదలడం మేలన్నారు. ఈ రెండు గీతలు దాటితే మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది, ఆ ఒప్పుకోలు కూడా హనఫీ పద్ధతిలో మనిషి పోయాక ఇవ్వాలి, ముందు ఇచ్చినది లెక్కలోకి రాదు. ఒకరు ఒప్పుకుని ఒకరు కాదంటే ఒప్పుకున్నవాళ్ల వాటా మేరకే అమలవుతుంది.

మా బంధువుల్లో ఒకాయన 40 లక్షల ఇల్లు మొత్తం భార్యకి వీలునామా రాసి, స్టాంప్ పేపర్ మీద ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి నిశ్చింతగా ఉన్నాడు. ఆయన పోయాక పెద్ద కొడుకు నేను ఒప్పుకోను అన్నాడు, చిన్నోడు కూడా అన్న మాటే అన్నాడు, అంత పకడ్బందీగా రాసిన కాగితం ఉన్నా ఆమెకి చివరికి 1/8 కింద 5 లక్షల విలువే నిలిచింది. రిజిస్టర్ చేసి ఉన్నా తేడా ఉండేది కాదు, రిజిస్ట్రేషన్ కాగితానికి బలం ఇస్తుంది కానీ షరియత్ గీతని చెరపదు. డాక్యుమెంట్ రైటర్లు కొందరు హిందువుల వీలునామా ఫార్మాట్‌లోనే పేర్లు మార్చి రాసిచ్చేస్తారు, ఇక్కడ జాగ్రత్త.

మరి వసియత్ ఎవరికి? వారసుల లిస్టులో లేనివాళ్లకి. అందులో అందరికంటే ముందు చెప్పాల్సింది తండ్రి లేని మనవళ్లు. కొడుకు తండ్రి కంటే ముందే పోతే, ఇంకో కొడుకు బతికుంటే, పోయిన కొడుకు పిల్లలకి తాత ఆస్తిలో వాటా ఉండదు. యాక్సిడెంట్‌లో కొడుకు పోయి కోడలు ఇద్దరు పసిపిల్లలతో ఉన్న ఇంట్లో ఈ మాట చెప్పాల్సి వస్తే నోరు రాదు. పాకిస్తాన్‌లో 1961 ఆర్డినెన్స్‌తో ఆ పిల్లలకి వాళ్ల తండ్రి వాటా ఇచ్చారు, ఈజిప్టులో 1946లో తాత రాయకపోయినా రాసినట్టే లెక్కగట్టే తప్పనిసరి వసియత్ పెట్టారు, మన దేశంలో అలాంటి చట్టం ఏదీ లేదు. కాబట్టి దాదా గారు (తాత) తనే కూర్చుని రాయాలి, మూడో వంతు దాకా ఎవరినీ అడగక్కర్లేదు, బాబాయిలు కాదన్నా చెల్లుతుంది. దీన్ని వాయిదా వేయకండి, మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుంటే ఈ వారమే రాయించండి.

పెంచుకున్న బిడ్డ, భార్య మొదటి పెళ్లి పిల్లలు, ఏళ్లుగా సేవ చేసిన మనిషి, మసీదుకో మదరసాకో ఇవ్వాలన్న కోరిక, వీటన్నిటికీ కూడా వసియత్ సరిపోతుంది. నోటి మాటతో చేసినా చెల్లుతుంది కానీ రుజువు చేయడం నరకం, రాసి ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. ఇంకో సుఖం ఏంటంటే బతికుండగా మనసు మారితే మార్చుకోవచ్చు.

హిబా: నిజంగా వదులుకోగలిగితేనే

హిబాకి పరిమితి లేదు, ఆస్తి మొత్తం ఇచ్చేయొచ్చు, వారసుడికీ ఇవ్వొచ్చు. కావాల్సినవి మూడు, ఇస్తున్నానని చెప్పడం, తీసుకుంటున్నానని ఒప్పుకోవడం, ఖబ్జా (స్వాధీనం) అప్పగించడం. మూడోది జరక్కపోతే మొదటి రెండూ వృథా. 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు హిబా కాగితం మీద రాసినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని చెప్పింది, అది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు మీద వెళ్లిన అప్పీలే, 1968లో రాసిన ఒక మామూలు కాగితం మీద నడిచింది. అది చదివి కొందరు తెల్లకాగితం చాలనుకుంటున్నారు, చట్టంలో చెల్లడం వేరు, రేపు ఇల్లు అమ్మాలన్నా లోన్ పెట్టాలన్నా మ్యుటేషన్ చేయించాలన్నా రిజిస్టర్డ్ డాక్యుమెంట్ అడుగుతారు. కుటుంబ సభ్యుల మధ్య గిఫ్ట్‌కి స్టాంప్ డ్యూటీ సేల్ డీడ్ కంటే తక్కువే ఉంటుంది, ఆ రోజు రేటు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కుని రిజిస్టర్ చేయించుకోండి.

ఖబ్జా అంటే డీడ్‌లో "ఈ దినమే స్వాధీనపరచినాను" అని ఒక లైన్ రాయడం కాదు. ఇంటి పన్ను ఎవరి పేరు మీద వస్తోంది, కరెంట్ మీటర్ ఎవరిది, కింద పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లు ఒకటో తారీఖున డబ్బు ఎవరి అకౌంట్‌కి వేస్తున్నారు, ఒరిజినల్ కాగితాలు ఎవరి బీరువాలో ఉన్నాయి, రేపు తమ్ముడు కేసు వేస్తే లాయర్ వీటినే లాగుతాడు. కూతురికి ఇచ్చి ఐదేళ్లు అద్దె మీరే తింటూ ఉంటే అది హిబా కాలేదని వాదిస్తారు. ఒకే ఇంట్లో కలిసి ఉంటున్న భార్యాభర్తలు, తల్లిదండ్రులు పిల్లలు అయితే ఇచ్చినవాళ్లు బయటికి పోవాల్సిన పని లేదు, కానీ పేర్లు మారడం, అద్దెలు మారడం లాంటి గుర్తులు కనపడాలి. మైనర్ బిడ్డకి తండ్రి ఇస్తే తండ్రే బిడ్డ తరఫున ఉంచుకోవచ్చు.

"నేను బతికున్నంతకాలం నాదే, నా తర్వాత నీది" అని రాసేది హిబా కాదు, పేరు గిఫ్ట్ అని పెట్టినా అది వసియతే, పైన చెప్పిన రెండు గీతలూ దానికి వచ్చేస్తాయి. పోయేముందు జబ్బులో, ఇక బతకనన్న భయంలో ఇచ్చింది కూడా మర్జుల్ మౌత్ (చావు జబ్బు) కింద వసియత్‌లాగే లెక్క, ఐసీయూలో వేలిముద్ర వేయించుకున్న గిఫ్ట్ డీడ్లు అందుకే పడిపోతుంటాయి. పంచని ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చేటప్పుడు ముషా, అంటే విడదీయని వాటాని సరిగా అప్పగించినట్టు కాదనే అభ్యంతరం వస్తుంది, వీలైతే కొలతలు వేసి, హద్దులు చూపి, విడదీసి ఇవ్వండి.

పిల్లల మధ్య న్యాయం మాట కూడా చెప్పాలి. బషీర్ అనే సహాబీ (ప్రవక్త సహచరుడు) తన కొడుకు నుమాన్‌కి ఒక కానుక ఇచ్చి ప్రవక్తని సాక్షిగా ఉండమంటే, నీ పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని అడిగి, లేదంటే, అల్లాహ్‌కి భయపడి పిల్లల మధ్య న్యాయం చేయమన్నారు. కూతుళ్లకి ఎగ్గొట్టడానికి కొడుకులకి మాత్రమే హిబా చేయడం కాగితం మీద చెల్లొచ్చు, నేను మాత్రం ఎవరికీ ఆ సలహా ఇవ్వను, ఎవరైనా అడిగితే ఆ హదీసే (ప్రవక్త మాటే) చెప్తాను.

హిబాలో అసలు రిస్కు ఇచ్చినవాళ్లదే. ఖబ్జా అయ్యాక పిల్లలకి, భార్యకి, రక్తసంబంధీకులకి ఇచ్చింది వెనక్కి తీసుకోవడానికి దాదాపు దారి ఉండదు. అందుకే ఉన్న ఒక్క ఇల్లూ ఇవ్వకండి, కనీసం మీరు పడుకునే చోటు, మందుల ఖర్చు మీ చేతిలో ఉంచుకుని ఇవ్వండి. తప్పదనుకుంటే డీడ్‌లోనే నన్ను చూసుకోవాలి అనే షరతు స్పష్టంగా రాయించండి, 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం 23వ సెక్షన్ కింద ట్రైబ్యునల్‌కి వెళ్లడానికి అది ఆధారమవుతుంది.

పిల్లలు లేని దంపతులకి ఒక ప్రత్యేకమైన మాట. భర్త పోతే భార్యకి 1/4, మిగిలింది భర్త తల్లిదండ్రులకో తోబుట్టువులకో పోతుంది, కాబట్టి ఇల్లు భార్యకి హిబా చేయమని అందరూ చెప్తారు, నేనూ చెప్తాను, కానీ భార్యే ముందు పోతే ఏమవుతుందో కూడా లెక్క వేయండి, భర్తకి సగమే తిరిగొస్తుంది, మిగతా సగంలో ఆమె తల్లిదండ్రులో అన్నదమ్ములో ఉంటారు. వయసు, ఆరోగ్యం చూసుకుని మొత్తమా సగమా అన్నది ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోవాలి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి కూడా ఒక హెచ్చరిక. రాయచోటి, కడప వైపు నుంచి కువైట్ వెళ్లి ఇరవై ఏళ్లు కష్టపడి డబ్బు పంపి, ఇల్లు మాత్రం అబ్బా పేరు మీద కొనేవాళ్లు బోలెడంతమంది. అబ్బా పోతే అది అబ్బా ఆస్తే, అందరికీ వాటాలు పడతాయి, పంపిన రసీదులు చూపించి నాది అనిపించుకోవడం చాలా కష్టం. మీ డబ్బయితే మీ పేరు మీద కొనండి, నాన్నకి పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే చాలు, ఇప్పటికే కొనేసి ఉంటే ఆయన బాగున్నప్పుడే అడిగి హిబా చేయించుకోండి.

వేరే దారులు

స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ 1954 కింద పెళ్లి చేసుకున్నా, ఉన్న పెళ్లిని దాని కింద రిజిస్టర్ చేయించుకున్నా ఆస్తికి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ వర్తిస్తుంది, భార్యకి 1/3, మిగిలింది కొడుకులకీ కూతుళ్లకీ సమానం, బాబాయికి ఏమీ పోదు, వీలునామా కూడా మొత్తం ఆస్తికి రాయొచ్చు. 2023లో కేరళలో ముగ్గురు ఆడపిల్లలున్న ఒక దంపతులు ఇదే చేశారు, వార్తల్లో పెద్ద చర్చే జరిగింది. చట్టం ఒప్పుకుంటుంది, ఉలమాలు (మత పండితులు) చాలామంది ఒప్పుకోరు, షరియత్ లోపలే ఉంటూ అదే పని హిబాతో అయ్యే వీలున్నప్పుడు నేనైతే ముందు హిబా చూడమంటాను. వక్ఫ్ అలల్ ఔలాద్ (తన వంశస్థుల కోసం ఆస్తిని వక్ఫ్ చేయడం) పెద్ద ఆస్తులున్నవాళ్ల సంగతి, మామూలు ఇళ్లకి దాని జోలి అక్కర్లేదు, ఆడ వారసుల హక్కు పోయేలా అది చేయకూడదని 2025 సవరణలో పెట్టారు.

షియా కుటుంబాల్లో లెక్క వేరు. కొడుకు లేకపోయినా కూతురుంటే బాబాయికి ఏమీ వెళ్లదు, వారసుడికి కూడా మూడో వంతు దాకా మిగతావాళ్లని అడక్కుండా వసియత్ రాయొచ్చు. కానీ పిల్లలు లేని వితంతువుకి భూమిలో వాటా రాదు, కట్టడం విలువలోనే వస్తుంది, కాబట్టి అక్కడ భార్య కోసం హిబా ఇంకా అవసరం.

మనిషి పోయాక ఎంచుకోవాల్సినవి

బ్యాంకులో నామినీగా పేరున్నంత మాత్రాన డబ్బు వాళ్లదైపోదు, తీసుకుని వారసులందరికీ పంచాల్సిన మనిషి మాత్రమే. మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి అప్లై చేసేటప్పుడు పెళ్లయిన కూతుళ్ల పేర్లు, ముసలి తల్లి పేరు వదిలేయకండి. వాటాల కాగితం ఒక ముఫ్తీ (షరియత్ తీర్పు చెప్పే పండితుడు) గారి దగ్గర రాయించుకోండి, లెక్కలో కొన్నిసార్లు వాటాలు కలిపితే ఒకటి దాటిపోతాయి, దాన్ని సరిచేసే పద్ధతి వాళ్లకి తెలుసు. కానీ ఆయన ఇచ్చే ఫత్వా (మత అభిప్రాయం) డాక్యుమెంట్ కాదు, దాన్ని పట్టుకుని లాయర్ దగ్గరికి వెళ్లాలి.

ఇల్లు ఒకటే ఉండి వారసులు నలుగురైతే గోడలు కట్టి పంచడం కంటే ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకి డబ్బివ్వడం మేలు. ఫిఖ్‌లో (ఇస్లామీ న్యాయశాస్త్రంలో) దీన్ని తఖారుజ్ అంటారు, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్న మొత్తం తీసుకుని వాటా నుంచి తప్పుకోవడం, మన ఆఫీసుల్లో దానికి రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేస్తారు. చెల్లెలికి డబ్బు చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో ఇచ్చి డీడ్‌లో ఆ నంబర్ రాయండి, "ప్రేమాభిమానాలతో వదులుకున్నాను" అని ఉత్తినే రాయించుకోవద్దు.

వారసుల్లో మైనర్ పిల్లలుంటే మాత్రం ఆగాలి. తండ్రి పోయాక తల్లే పిల్లల్ని పెంచుతున్నా వాళ్ల స్థిరాస్తికి షరియత్‌లో ఆమె గార్డియన్ కాదు, 1918లోనే ప్రివీ కౌన్సిల్ ఇది తేల్చేసింది, కాబట్టి తల్లి సంతకంతో మైనర్ వాటా అమ్మితే ఆ సేల్ నిలబడదు, కొన్నవాడూ మునుగుతాడు. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద జిల్లా కోర్టులో పిటిషన్ వేసి ఆమెనే గార్డియన్‌గా నియమించమని, అమ్మడానికి పర్మిషన్ ఇమ్మని అడగాలి, ఆర్డర్ చేతికొచ్చాకే కొనేవాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసుకోండి.